బీడీఎస్ చాలనుకుంటే ఫిజిక్స్ వదిలేయొచ్చా?

పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు
(జవాబులిస్తున్నవారు తిరుపతిలో ప్రాక్టీసు చేస్తున్న దంతవైద్యురాలు)

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మాది పుత్తూరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ బైపీసీ ఇంగ్లీషు మీడియం. ఈ ఏడు తిరుపతిలో లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరాను. చిన్నప్పట్నుంచీ పళ్ళ డాక్టర్ కావాలనే నా కోరిక. బయాలజీ బాగా వస్తుంది, కెమిస్ట్రీ పర్వాలేదు, ఫిజిక్స్ అంటేనే భయం. మా అన్న, హాస్టల్లో సీనియర్లు ‘నీకు కావాల్సింది బీడీఎస్సే కదా, దానికి తక్కువ మార్కులు చాలు, ఫిజిక్స్ వదిలేసి మిగతా రెండూ గట్టిగా చదువుకో’ అంటున్నారు. అట్ల చేస్తే సీటు వస్తుందా? డెంటల్‌కు వేరే పరీక్ష ఏమైనా ఉందా?
– ఒక విద్యార్థిని, పుత్తూరు

జవాబు: వేరే పరీక్ష లేదమ్మా. ఎంబీబీఎస్‌కైనా, పళ్ళ డాక్టర్ చదువైన బీడీఎస్‌కైనా దేశమంతటా పెట్టే ప్రవేశ పరీక్ష నీట్ ఒకటే. ఎంసెట్ ర్యాంకుతో డెంటల్ సీటిచ్చే పద్ధతి మన రాష్ట్రంలో 2016తో ముగిసింది. ఇప్పటి ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ వైపు పోయేవాళ్ళకు పనికొస్తుంది, నీకు కాదు.

ఇక ఫిజిక్స్. వదలొద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా చాలదనిపిస్తుంది నాకు. బయాలజీ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా అప్పజెప్పగల పల్లెటూరి పిల్లలు ఈ ఒక్క సలహా విని వెనకబడిపోవడం కళ్ళారా చూస్తున్నాను. మీ అన్న నీ మేలు కోరే చెప్పాడు, కాదనను. కానీ లెక్క వేసి చూడు. 2025 నుంచి నీట్‌లో 180 ప్రశ్నలు, అన్నీ రాయాల్సినవే, సమయం 180 నిమిషాలు. బయాలజీ 90, కెమిస్ట్రీ 45, ఫిజిక్స్ 45. ప్రశ్నకు 4 మార్కుల చొప్పున మొత్తం 720. ఫిజిక్స్ వదిలేస్తే హాల్లో అడుగు పెట్టకముందే 180 మార్కులు పోయినట్టు. పైగా బయాలజీ నీ ఒక్కదానికే కాదు, నీతో పోటీపడే పిల్లలందరికీ వస్తుంది. అక్కడ అందరూ దగ్గర దగ్గరగా ఉంటారు. ముందూ వెనకా తేలేది ఫిజిక్స్ దగ్గరే.

45లో 20 సరిగ్గా చేసి, 5 తప్పు చేసి (తప్పుకు 1 మార్కు పోతుంది), మిగతా 20 ముట్టుకోలేదనుకో. 80లోంచి 5 తీసేస్తే 75 మార్కులు. దాదాపు సగం పేపరు ఖాళీగా వదిలినా వచ్చే మార్కులివి. ఇవే 75 మార్కులు బయాలజీలో అదనంగా రాబట్టాలంటే ఇంకో 19 ప్రశ్నలు సరిగ్గా చేయాలి. నీకు ఇప్పటికే బాగా వచ్చే సబ్జెక్టులో అంత ఖాళీ ఎక్కడుంటుంది?

‘తక్కువ మార్కులు చాలు’ అనే మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఒకటి అర్హత. జనరల్ వాళ్ళకు 50వ పర్సంటైల్ (50 శాతం మార్కులు కాదు, రాసినవాళ్ళలో సగంమంది కంటే ముందుండడం), బీసీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 40వ పర్సంటైల్ దాటితే కౌన్సెలింగ్‌లో కూర్చోవచ్చు. అంతవరకే. సీటు ఇచ్చేది ర్యాంకును బట్టి. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు మన రాష్ట్రంలో రెండే, ఒకటి విజయవాడలో, ఒకటి కడపలో. ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వం పెట్టిన ఫీజుతో ర్యాంకును బట్టి ఇచ్చేవి, మిగతా సగం మేనేజ్‌మెంట్, ఎన్నారై సీట్లు. వాటి ఫీజు వేరు. అర్హత మార్కులతోనే సీటొచ్చిందని ఎవరైనా చెబితే, ఏ కోటాలో వచ్చిందని అడుగు. మీ ఇంటి పరిస్థితికి కడపలో ప్రభుత్వ సీటో, ఇక్కడే తిరుపతిలో కన్వీనర్ సీటో రావాలి. అందుకు ర్యాంకు కావాలి.

మరి భయం సంగతి. ఫిజిక్స్ భయమని నా దగ్గరికొచ్చే పిల్లల్ని కూర్చోబెట్టి ఒక ప్రశ్న చేయించి చూస్తుంటాను. సూత్రం గుర్తుంటుంది. విలువలూ వేస్తారు. ఆగిపోయేది ఆ తర్వాత, 10 ఘాతం మైనస్ 34ని 10 ఘాతం 8తో గుణించాల్సిన చోట. బైపీసీలో చేరగానే లెక్కలు అటకెక్కించేశారు కదా. కాబట్టి ముందు ఫిజిక్స్ పుస్తకం మూసేసి పదో తరగతి లెక్కల పుస్తకం తెరువు. ఘాతాలు, భిన్నాలు, సరూప త్రిభుజాలు, 30, 45, 60 డిగ్రీల సైన్, కాస్ విలువలు. కాలిక్యులేటర్ ముట్టుకోకుండా రెండు మూడు వారాలు రోజూ చెయ్యి. ఇదేదో చిన్నతనంగా ఉందనుకోకు. నీ భయంలో సగం ఇక్కడే ఉంది.

తర్వాత కూడా మొదటి పాఠం నుంచి వరసగా పోవద్దు. రొటేషన్ దగ్గర నెల రోజులు కూలబడి, మనసు విరిగి, మొత్తం పక్కన పెట్టేస్తారు చాలామంది. యూనిట్లు-మితులు, కరెంట్ ఎలక్ట్రిసిటీ, ద్వంద్వ స్వభావం, పరమాణువులు-కేంద్రకాలు, సెమీకండక్టర్లు ముందు పట్టు. ఇవి ఒక సూత్రం, ఒక ప్రతిక్షేపణతో తెమిలే ప్రశ్నలు ఎక్కువగా ఇచ్చే పాఠాలు. 2024 నుంచి సిలబస్‌లో ప్రయోగ నైపుణ్యాలని ఒక యూనిట్ కొత్తగా చేరింది. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూ గేజ్, మీటర్ బ్రిడ్జి లాంటివి. నువ్వు చదివిన కాలేజీకి పోయి, లెక్చరర్‌గారిని అడిగి, వెర్నియర్ ఒకసారి చేత్తో పట్టుకో. దాని కనీస కొలత 0.1 మిల్లీమీటరు, స్క్రూ గేజ్‌ది 0.01. ఒక గోళీ వ్యాసం రెండింటితో కొలిచి, జీరో ఎర్రర్ కలపాలో తీసేయాలో అక్కడే తేల్చుకున్నావంటే ఇక మర్చిపోవు.

నువ్వు చేయబోయే పనిలోనే ఫిజిక్స్ ఎంతుందో ఒకటి చూపిస్తాను. పన్ను రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ పెట్టాక దాని మీద నీలం లైటు వేసి గట్టిపరుస్తాం. ఆ వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 470 నానోమీటర్లు. ఒక ఫోటాన్ శక్తి ఎంత? 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 1240 బై 470, అంటే సుమారు 2.64. అదే 650 నానోమీటర్ల ఎర్ర లైటుకు 1.9 మాత్రమే. ఎర్ర లైటు ఎంతసేపు వేసినా ఆ పదార్థం గట్టిపడదు, దాంట్లో కలిపిన రసాయనం పీల్చుకునేది నీలం వెలుగును. ఇప్పుడు ఇదే లెక్కను పరీక్షవాళ్ళు ఇట్ల అడుగుతారు: 2.3 ఎలక్ట్రాన్ వోల్టుల వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్ బయటికి రావడానికి కావాల్సిన కనీస శక్తి) ఉన్న లోహం మీద 470 నానోమీటర్ల వెలుగు పడితే, బయటికొచ్చే ఎలక్ట్రాన్ల గరిష్ఠ గతిజశక్తి ఎంత? 2.64లోంచి 2.3 తీసేస్తే 0.34. అయిపోయింది. నాలుగు మార్కులు. దీనికా భయపడుతున్నావు?

రోజూ పొద్దున, బుర్ర తేటగా ఉన్నప్పుడు ఫిజిక్స్ పెట్టుకో. బయాలజీ మధ్యాహ్నం చదివినా ఎక్కుతుంది నీకు. టెస్ట్ రాసిన ప్రతిసారీ తప్పుల కోసం వేరే నోటుబుక్కులో రాసుకో. ప్రశ్న, నువ్వు పెట్టిన జవాబు, ఎందుకు తప్పిందో ఒక్క ముక్కలో: సూత్రం తెలియక, యూనిట్ మార్చక, ‘సరికానిది ఏది’ అన్నది చూడక. నెల తిరిగేసరికి ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో ఆ నోటుబుక్కే చెబుతుంది. కోచింగ్‌లో ర్యాంకుల పట్టిక గోడకు అంటిస్తారు, దాని ముందు నిలబడి బాధపడే టైము ఈ నోటుబుక్కుకివ్వు.

ఇంకో మాట. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా తీసుకోవచ్చు, పక్కనే ఇంగ్లీషూ ఉంటుంది, తేడా వస్తే ఇంగ్లీషుదే ప్రమాణం. కానీ నువ్వు రెండేళ్ళు ఇంగ్లీషులో చదివావు కాబట్టి ఇంగ్లీషు పేపరే పెట్టుకో.

ప్రశ్న: మేడమ్, మాది కుప్పం. నాకు తెలియని ప్రశ్నలకు గుడ్డిగా పెట్టొచ్చా, వదిలేయాలా? ఒక్కో సార్ ఒక్కో రకంగా చెబుతున్నారు. అట్లే, పరీక్ష సెంటర్ తిరుపతి పెట్టుకుంటున్నాను. ముందురోజు శనివారం వచ్చి అలిపిరి మెట్ల మీదుగా నడిచి కొండకు పోయి, స్వామిని చూసుకుని ఆదివారం పరీక్ష రాస్తానని మా అమ్మ మొక్కుకుంది.
– ఒక విద్యార్థి, కుప్పం

జవాబు: తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది, ఒప్పుకు 4 వస్తాయి. నాలుగు ఆప్షన్లలో ఒకటి కచ్చితంగా కాదని తెలిసి, మిగతా మూడింట్లో ఒకటి పెట్టావంటే, అలాంటి మూడు ప్రశ్నలకు సగటున ఒకటి తగులుతుంది. 4 వచ్చి 2 పోతాయి, 2 మిగులుతాయి. రెండు ఆప్షన్లు తీసేయగలిగితే ఇంకా లాభం, రెండు ప్రశ్నలకు 3 మార్కులు. ఏమీ తెలియకుండా పెట్టినా కాగితం మీద లెక్క కొంచెం లాభమే చూపిస్తుంది, నాలుగు ప్రశ్నలకు 1 మార్కు. కానీ పేపరు తయారుచేసేవాళ్ళు నువ్వు సగం తెలిసి పడిపోయేలాగే తప్పు ఆప్షన్ రాస్తారు, కాబట్టి ఆ లెక్క హాల్లో నిలబడదు. నా మాట ఏమంటే, కనీసం ఒక్క ఆప్షన్ కారణంతో కొట్టేయగలిగితే పెట్టు. ప్రశ్నే అర్థం కాకపోతే వదిలెయ్యి. ఓఎంఆర్ షీటులో దిద్దాక మార్చుకునే వీల్లేదు, కాబట్టి ఈ నిర్ణయం బబుల్ దిద్దకముందే జరగాలి.

మొక్కు గురించి మీ అమ్మగారికి నా మాటగా చెప్పు. అలిపిరి దారి 3550 మెట్లు. అలవాటు లేని కాళ్ళకు మర్నాడు పిక్కలు పట్టేస్తాయి. మే నెల ఎండ, సెలవుల రద్దీ, క్యూలో ఎంతసేపవుతుందో ఎవరి చేతిలోనూ లేదు. నిద్రలేని కళ్ళతో మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి నువ్వు. పరీక్ష రాసి సోమవారం ఎక్కండి, స్వామి ఎక్కడికీ పోడు. 2023, 2024, 2025లో నీట్ మే మొదటి ఆదివారమే జరిగింది. ఎండాకాలం శనివారం రాత్రి తిరుపతిలో గది దొరకడం ఎంత కష్టమో మాకు తెలుసు. చుట్టాలుంటే ఇప్పుడే చెప్పిపెట్టుకో, లేకపోతే హాల్ టికెట్ రాకముందే గది చూసుకో. పరీక్ష 2 గంటలకైనా గేటు ఒంటిగంటన్నరకే మూసేస్తారు. పొట్టి చేతుల చొక్కా, చెప్పులు. బూట్లొద్దు. చేతి కంకణం, దారాలు ఇంట్లోనే విప్పేసి రా. పెన్ను వాళ్ళే ఇస్తారు.

ప్రశ్న: అక్కా, మా మామ కొడుకు 2022లో చదివిన మెటీరియల్ నాకిచ్చాడు. అందులో జీర్ణవ్యవస్థ పాఠంలో పళ్ళ గురించి చాలా ఉంది. డెంటల్ కావాలి కాబట్టి అదంతా బట్టీ పట్టాను. మా ఫ్రెండ్ అది సిలబస్‌లో లేదంటోంది.
– ఒక విద్యార్థిని, శ్రీకాళహస్తి

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నిజం. 2024 నీట్ నుంచి జీర్ణక్రియ పాఠం సిలబస్‌లో లేదు. మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, కెమిస్ట్రీలో ఘనస్థితి, ఉపరితల రసాయనం, పాలిమర్లు కూడా పోయాయి. పాత మెటీరియల్ పారేయనక్కర్లేదు, కొత్త సిలబస్ ప్రింటు తీసి పక్కన పెట్టుకుని, లేని పాఠాలకు పెన్సిల్‌తో అడ్డగీత కొట్టు. తర్వాత కొత్తగా వచ్చినవేమిటో చూడు: మాల్వేసీ, గ్రామినే లాంటి కుటుంబాలు, కెమిస్ట్రీలో ప్రాక్టికల్ సూత్రాలు. పాత నోట్సు మీదే ఆధారపడితే ఇవి చేజారిపోతాయి. నువ్వు బట్టీ పట్టిన దంతసూత్రం 2123 బై 2123 మాత్రం బీడీఎస్ మొదటి ఏడాదిలో మొదటి వారమే అక్కరకొస్తుంది, దాచుకో.

ప్రశ్న: అమ్మా, నేను పలమనేరు దగ్గర టమోటా వేసే రైతును. మా పాప రెండోసారి నీట్ రాసింది. ఎంబీబీఎస్ వచ్చేట్టు లేదు, డెంటల్ రావచ్చని కాలేజీవాళ్ళు అంటున్నారు. చుట్టాలేమో డెంటల్ దండగ, ఇంకో ఏడు లాంగ్ టర్మ్ పెట్టించు అంటున్నారు. పక్కింటోళ్ళు ఆడపిల్లకు ఇంకెన్నాళ్ళు చదువు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: అన్నా, మీ ఉత్తరంలో చుట్టాల మాట ఉంది, పక్కింటోళ్ళ మాట ఉంది, పాప మాట లేదు. ముందు పాపను అడగండి. పదిమంది మధ్య కాదు, ఒంటరిగా, టీవీ కట్టేసి.

డెంటల్ దండగ అనేవాళ్ళకు నా పనేంటో చెబుతాను. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోని పాతికేళ్ళ కుర్రాళ్ళు వస్తారు నా దగ్గరికి. గుట్కా, వక్క నమిలీ నమిలీ బుగ్గ లోపల తోలు మాదిరి బిగిసిపోయి ఉంటుంది. ముద్ద లోపలికి పోదు, కారం తగిలితే మంట. ఇది తర్వాత క్యాన్సర్‌గా మారే ప్రమాదముంది. దాన్ని మొదట పట్టుకోవాల్సింది నోట్లోకి తొంగిచూసే డాక్టరే. దవడ వాచి, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని నెలల తరబడి నెట్టుకొచ్చి, చీము మెడ దాకా దిగాక వచ్చేవాళ్ళున్నారు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ఊళ్ళ నుంచి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలతో, నోటికి చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడే ఆడపిల్లలు వస్తారు. ఇవన్నీ ఎంబీబీఎస్ సీటు రానివాళ్ళకు మిగిలిన పని అనేవాళ్ళను నేను ఒప్పుకోను. ఇది పూర్తి స్థాయి వైద్యం. మొదటి ఏడాదే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ చదవాలి. దానితోపాటు మైనపు ముక్కను చిన్న కత్తితో చెక్కి పన్ను ఆకారం తేవాలి. ముందుపన్ను అంచు, వెనక లోతు, మూలల వంపు అన్నీ కుదిరేదాకా చెక్కించి మళ్ళీ చెక్కిస్తారు. చేతిపని ఇష్టపడే పిల్లలు అక్కడే తెలిసిపోతారు.

అలాగని కష్టం దాచను. నాలుగేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం అయిదేళ్ళు. ఆ పైన డెంటల్‌లో పీజీ, అంటే ఎండీఎస్ చేయాలంటే దానికి వేరే నీట్, ఇంకో మూడేళ్ళు. సొంతంగా పెట్టుకోవాలంటే కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే, ఆటోక్లేవ్ కొనాలి, కాబట్టి మొదటి కొన్నేళ్ళు ఇంకొకరి క్లినిక్‌లో తక్కువ జీతానికి పనిచేయాల్సి రావచ్చు. తిరుపతిలో వీధికో డెంటల్ బోర్డు కనిపిస్తుంది. మీ వైపు పల్లెల్లో పన్ను పీకించుకోవాలన్నా బస్సెక్కాలి.

సీటు విషయం తేల్చుకునే ముందు పాపను పలమనేరులోనో చిత్తూరులోనో తెలిసిన దంతవైద్యుల దగ్గర ఒక రోజు కూర్చోబెట్టండి. రూట్ కెనాల్ మొదలు నుంచి చివరి దాకా చూడనివ్వండి. పై దవడ వెనక పళ్ళు చేసేటప్పుడు డాక్టరు పన్నును కాకుండా చేతి అద్దంలో దాని నీడను చూస్తూ చేయి కదిలిస్తారు, మెడ వంచకుండా, వెలుగు తగ్గకుండా. అది చూసి పాప కళ్ళు మెరిస్తే సీటు తీసుకోండి, మూడో ఏడు లాంగ్ టర్మ్ అక్కర్లేదు. ఆమె మనసంతా ఎంబీబీఎస్ మీదే ఉండి, గ్రాండ్ టెస్టుల్లో మార్కులు నెలనెలా పెరుగుతూ వస్తుంటే, ఇంకో ఏడు ఇవ్వడంలో తప్పులేదు. నీట్‌కు పై వయసు పరిమితి లేదు. మార్కులు కదలకుండా అక్కడే ఉండి, పిల్ల కూడా అలసిపోయి ఉంటే మాత్రం చుట్టాల మాట కోసం ఇంకో ఏడు హాస్టల్లో పెట్టకండి. ఇక ఆడపిల్లకు ఎన్నాళ్ళు చదువు అనేవాళ్ళకు మీరేం జవాబు చెప్పనక్కర్లేదు, వాళ్ళు ఫీజు కట్టడం లేదు.

ప్రశ్న: మేడమ్, మాది నగరి. మా పెద్దోడు ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా తమిళనాడులో మా అన్నగారింట్లో ఉండి చదివాడు. మన రాష్ట్రంలో డెంటల్ సీటుకు లోకల్ అవుతాడా? చిన్నోడు ఇప్పుడు ఏడో తరగతి, వాడినీ అక్కడికే పంపుదామనుకుంటున్నాం.
– ఒక తల్లి, నగరి

జవాబు: సరిహద్దు ఊళ్ళ వాళ్ళందరూ ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది. కౌన్సెలింగ్ నడిపేది విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. మన ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు ఎస్వీ యూనివర్సిటీ పరిధి. ఈ పరిధిలో స్థానికులకు 85 శాతం సీట్లుంటాయి. స్థానికత చూసేటప్పుడు ముందుగా అడిగేది, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళు వరసగా ఇక్కడ చదివారా అని. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. మీ పెద్దబ్బాయి ఆ నాలుగేళ్ళూ అవతల చదివాడు కాబట్టి ఆ లెక్కన లోకల్ కాడు. తల్లిదండ్రులు మొత్తం పదేళ్ళు ఈ రాష్ట్రంలో నివసించి ఉంటే, మిగతా 15 శాతం సీట్లకు పోటీపడే వీలుంది. మీ నివాస ధ్రువపత్రం తహసీల్దారు ఆఫీసులో ఇప్పుడే అడగండి, ఫలితాలొచ్చాక అక్కడ రద్దీ. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టండి, కులం, ఆదాయం పత్రాలతో సహా.

చిన్నబ్బాయిని మాత్రం పంపొద్దు. పంపక తప్పదనుకుంటే, తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపు వెనక్కి తెచ్చి నగరిలోనో పుత్తూరులోనో చేర్చండి.